రాజుగారి నటుల జాడ వెతుక్కుంటూ లండన్‌లో మూడు రోజులు: ఎక్కడ దిగాలి, ఏది చూడాలి, ఏది వదిలేయొచ్చు

రాజాశ్రయం అనగానే మనకు శ్రీనాథుడి కనకాభిషేకం గుర్తొస్తుంది. ఆ ఊహతో షేక్‌స్పియర్ కాలపు రాజపోషణ ఆనవాళ్లు చూడబోతే నిరాశే. అక్కడ నటులకు రాజు ఇచ్చింది డబ్బు కన్నా అండ. 1572 చట్టం ప్రకారం ఏ ప్రభువు పేరూ లేకుండా ఊళ్లు తిరిగే నటులు దేశదిమ్మరుల కింద లెక్క. పట్టుబడితే కొరడా దెబ్బలు, చెవికి వాత. 1603 మే 19న జేమ్స్ రాజు ఇచ్చిన పేటెంట్‌తో, అంటే రాజముద్ర ఉన్న అనుమతి పత్రంతో, షేక్‌స్పియర్ బృందం ‘కింగ్స్ మెన్’ (రాజుగారి నటులు) అయింది. పూట గడిచింది మాత్రం జనం చేతి పెన్నీలతోనే. ఈ రెండు వైపులూ కనబడాలంటే మూడు రోజులు పెట్టుకోవాలి.

ముందు బస సంగతి. షేక్‌స్పియర్ నాటకశాల గ్లోబ్ పక్కనే బ్యాంక్‌సైడ్‌లో దిగితే రాత్రి నాటకం అయ్యాక నడిచి గదికి చేరొచ్చు. అద్దె మాత్రం ఎక్కువ, మన భోజనం దొరకదు. కుటుంబంతో వెళ్లేవాళ్లకు ఈస్ట్‌హామ్ నయం. హై స్ట్రీట్ నార్త్ పొడవునా దక్షిణాది హోటళ్లే. పైగా అక్కడి డిస్ట్రిక్ట్ లైన్ బ్లాక్‌ఫ్రయర్స్, టెంపుల్, వెస్ట్‌మిన్‌స్టర్ మీదుగా పోతుంది. చూడాల్సినవి చాలావరకు ఆ మూడు స్టేషన్ల చుట్టూనే ఉన్నాయి. వారాంతాల్లో పట్టాల పనుల కోసం లైన్ మూసేస్తుంటారు, ముందురోజు రాత్రే చూసుకోండి.

మొదటి రోజు హ్యాంప్టన్ కోర్ట్ రాజకోట. ఒక్కటే చూడగలిగితే ఇదే చూడండి. 1603లో లండన్‌లో ప్లేగు. ఆ క్రిస్మస్‌కు కొలువు ఇక్కడికి వచ్చింది, కింగ్స్ మెన్ ఇక్కడి గ్రేట్ హాల్‌లో ఆడారు. ఆ హాలు ఇప్పటికీ నిలిచి ఉంది. ఎనిమిదో హెన్రీ కట్టించినది, పొడవు సుమారు 32 మీటర్లు. గోడలకు అబ్రహాం కథ నేసిన పరదాలు, పైన చెక్క కప్పు. అంచుల నుంచి కిందికి తొంగిచూసే చెక్క ముఖాలను పైకి చూడకపోతే మిస్సవుతారు. కొలువులో ఒక ఆటకు రేటు పది పౌండ్లు. అందులో 6 పౌండ్ల 13 షిల్లింగుల 4 పెన్నీలు (అప్పట్లో పౌండుకు 20 షిల్లింగులు, షిల్లింగుకు 12 పెన్నీలు) రుసుము, మిగతాది రాజు స్వయంగా చూస్తే ఇచ్చే బహుమానం. యువరాజు ఒక్కడే చూస్తే బహుమానం ఉండదు. ఈ లెక్క తెలిసి హాలులో నిలబడితే ఆ వైభవం వేరుగా కనిపిస్తుంది.

వాటర్లూ నుంచి రైలు సుమారు 35 నిమిషాలు. హ్యాంప్టన్ కోర్ట్ ఆఖరి స్టేషన్, వంతెన దాటితే కోట. వేసవిలో వెస్ట్‌మిన్‌స్టర్ నుంచి పడవ దొరికినా మూడు గంటల పైమాటే. పొద్దున పడవెక్కితే కోటకు మిగిలేది సగం రోజు. రైలులో వెళ్లండి. సీజన్ కాని నెలల్లో వారం మొదట్లో మూసి ఉండొచ్చు, తేదీ చూసుకున్నాకే టికెట్ కొనండి.

రెండో రోజు టెంపుల్ స్టేషన్. మిడిల్ టెంపుల్ హాల్‌లో 1602 ఫిబ్రవరి 2న షేక్‌స్పియర్ నాటకం ‘ట్వెల్త్ నైట్’ ఆడినట్టు అక్కడి న్యాయ విద్యార్థి ఒకరి డైరీలో ఉంది. ఇది లాయర్ల భోజనశాల, నేరుగా వెళ్తే గేటు దగ్గరే ఆపేస్తారు. టూర్ గానీ మధ్యాహ్న భోజనం గానీ ముందే బుక్ చేసుకోవాలి. జీన్స్, స్పోర్ట్స్ బూట్లు వద్దు. అక్కడికి దగ్గర్లోనే సోమర్‌సెట్ హౌస్. ఇప్పుడున్నది తర్వాత కట్టిన భవనం, చూడటానికి పాతదేమీ లేదు. అయినా ప్రాంగణంలోకి ఉచితమే కాబట్టి ఓ పది నిమిషాలు ఆగొచ్చు. 1604 ఆగస్టులో స్పెయిన్ రాయబారుల సేవకు కింగ్స్ మెన్‌లో పన్నెండు మందిని ఇక్కడే పెట్టారు. 18 రోజులకు అందరికీ కలిపి 21 పౌండ్ల 12 షిల్లింగులు, అంటే మనిషికి రోజుకు రెండు షిల్లింగులు. నాటకం ఆడటానికి కాదు, కొలువు బట్టల్లో నిలబడటానికి!

వైట్‌హాల్‌లోని బ్యాంకెటింగ్ హౌస్ కోసం రోజు మార్చుకోవద్దు. తెరిచే రోజులు తక్కువ, భవనమేమో 1622 నాటిది. అది మాస్క్‌ల లోకం, అంటే పాటలు, నాట్యాలు, ఆర్భాటమైన వేషాలతో కొలువులో జరిగే ప్రదర్శనలు. 1605లో పాత హాలులో జరిగిన ఒక్క మాస్క్‌కు సుమారు 3,000 పౌండ్లు తగలేశారు, పది పౌండ్ల నాటకం పక్కన పెట్టి చూడండి. ఆ మాస్క్ రాసిన నాటకకర్త బెన్ జాన్సన్‌కు 1616 నుంచి ఏటా వంద మార్కుల (సుమారు 67 పౌండ్ల) పింఛను. వెస్ట్‌మిన్‌స్టర్ ఆబీలో ఆయన్ని నిలువునా పూడ్చారు. ఆబీకి ఎలాగూ వెళ్తారు, ఉత్తరపు నడవలో ఆ రాయి వెతకండి.

మూడో రోజు గ్లోబ్. 1997లో తెరిచిన పునర్నిర్మాణం ఇది. అసలు స్థలం పార్క్ స్ట్రీట్‌లో ఉంది, అక్కడ గుర్తు మాత్రమే. టూర్ ఒక్కటే చూసి వెళ్లిపోవడం దండగ, ఆట చూడాలి. ఆరుబయట సీజన్ వసంతం నుంచి అక్టోబర్ దాకా. నిలబడి చూసే టికెట్లే అన్నిటికన్నా చవక. వాన వచ్చినా ఆట ఆగదు, గొడుగు విప్పనివ్వరు, ఆట నడుస్తుండగా కింద కూర్చోనివ్వరు. రెయిన్‌కోటు, మెత్తటి బూట్లు తప్పనిసరి. ముక్కాలు గంట ముందు వెళ్తే స్టేజీ అంచుకు ఆనుకునే చోటు దొరుకుతుంది, నడుముకు అదే ఆసరా. పెద్దవాళ్లకు గ్యాలరీ తీసుకోండి. బల్లలకు వెనక ఆనుడు ఉండదు, కుషన్ అద్దెకు తీసుకోవాలి. స్తంభం అడ్డొచ్చే సీట్లు చవగ్గా ఉంటాయి, వాటి జోలికి పోవద్దు.

చివరగా, లండన్ పాత నగర భాగమైన ‘సిటీ’లో గిల్డ్‌హాల్ దగ్గరి సెయింట్ మేరీ ఆల్డర్‌మన్‌బరీ తోట. టికెట్ లేదు. కొలువు నుంచి బృందం తరఫున డబ్బు అందుకున్న జాన్ హెమింజెస్‌కు, తోటి నటుడు హెన్రీ కాండెల్‌కు స్మారకం ఇక్కడే ఉంది. చర్చి ఏదని వెతక్కండి. 1940 బాంబుల్లో కాలాక మిగిలిన రాళ్లను అమెరికా పట్టుకెళ్లి మిస్సోరీ రాష్ట్రం ఫుల్టన్‌లో తిరిగి కట్టారు. అటువైపు ఉన్న మనవాళ్లకు అదే దగ్గర.