ఆంధ్రభారతి నిఘంటు శోధన: ‘చొరబాటు’ మాటతో ఒక పరీక్ష

తెలుగు మాట పుట్టుక పట్టుకోవాలంటే ఒక్క నిఘంటువు చాలదు. ఆంధ్రభారతి సైటులోని నిఘంటు శోధన అక్కరకొచ్చేది ఇక్కడే. మాట ఒకసారి కొడితే శబ్దరత్నాకరం, బ్రౌన్, సూర్యరాయాంధ్ర, గ్విన్ నిఘంటువులు అన్నిట్లోనూ వెతికి, దొరికినవన్నీ ఒకే పేజీలో పెడుతుంది. పైసా కట్టక్కర్లేదు.

వెతకడం మాత్రం తెలియాలి. పత్రికలో ‘సరిహద్దులో చొరబాట్లు’ అని చూసి ఆ రూపాన్నే అతికిస్తే లాభం లేదు. ‘చొరబడ్డారు’ కూడా అంతే. నిఘంటువులో ఉండేది మూలరూపం కాబట్టి ‘చొరబడు’ అని కొట్టాలి. ఆపైన ‘చొచ్చు’ కూడా చూడాలి, అసలు సంగతి అక్కడుంది. చొచ్చు అంటే లోపలికి వెళ్లడం, అంతే. అందులో దౌర్జన్యం లేదు. దాని తుమున్నర్థక రూపం (‘లోపలికి వెళ్లడానికి’ అనే అర్థమిచ్చేది) ‘చొరన్’. దానికి ‘పడు’ చేరితే ద్రుతం, అంటే చివరి ‘న్’ వల్ల ప కాస్తా బ అయి ‘చొరఁబడు’ అవుతుంది. తడబడు తడబాటు అయినట్టే ఇది చొరబాటు అయింది. చొప్పించు, చొరవ కూడా ఈ కుదురువే. ఒకే ధాతువు నుంచి పుట్టిన చొరవను మెచ్చుకుంటాం, చొరబాటును తిట్టిపోస్తాం. పిలవని పేరంటం అనే రుచి ఈ మాటకు వాడుకలో అంటింది.

పద్యాలు చదివేవాళ్లకు ఇంకో చిక్కు ఉంది. ‘సొచ్చె’, ‘జొచ్చె’ అని కనిపిస్తే అవి వేరే మాటలు కావు. మొదటిది గసడదవాదేశం (ముందు మాటను బట్టి క చ ట త ప లు గ స డ ద వ లు కావడం), రెండోది సరళాదేశం (ద్రుతం తరవాత అవే గ జ డ ద బ లు కావడం). మళ్లీ చకారం పెట్టి వెతకండి. ‘ఇంట్లోకి జొరబడ్డాడు’ అనే మన మాటలోని జకారమూ ఇలాంటిదే. అరసున్న, బండి ఱ ఉన్న మాటలు దొరక్కపోతే అవి ఉన్న రూపమూ లేని రూపమూ రెండూ వేసి చూడాలి.

శబ్దరత్నాకరం తొలి ముద్రణ 1885లో వచ్చింది. ‘చొరబాటుదారు’ లాంటి పత్రికల మాటను అందులో ఆశించకూడదు. ఆ ‘దారు’ హక్కుదారులో ఉన్న పారసీ ప్రత్యయమే. నేటి వాడుకకైతే 1991 నాటి గ్విన్ ముందు చూడటం మేలు. సోదర భాషల్లో ధాతువు జాడ కావాలంటే షికాగో విశ్వవిద్యాలయం సైటులో బరో, ఎమెనో కూర్చిన ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు ఉంది. అది రోమన్ లిపిలో ఉంటుంది.