సుకావ్ బోటు ట్రిప్: బోటుకి ఐదు స్టార్లు, భోజనానికి రెండు

ఆరేళ్లుగా కౌలాలంపూర్‌లో ఉంటున్నా బోర్నియో వైపు వెళ్లడం ఇదే మొదటిసారి. అక్కడి సండకాన్ పట్నం నుంచి ఏటి ఒడ్డు పల్లె సుకావ్ దాకా లాడ్జి వాళ్ల వ్యాన్‌లో రెండున్నర గంటలు. దారి పొడవునా పామాయిల్ తోటలే తప్ప అడవి కంటబడదు, దీనికా ఇంత డబ్బు పోశాం అని మా ఆవిడ ముఖం మాడ్చుకుంది.

సాయంత్రం నాలుగింటికి కినబటంగన్ నదిలో బోటెక్కాక ఆ గొణుగుడు ఆగింది. పొడుగుముక్కు కోతులు అంతరించే ప్రమాదంలో ఉన్నవే, బోర్నియో దీవి దాటితే అడవిలో ఇంకెక్కడా ఉండవు, అయినా ఇక్కడ వాటిని చూడ్డానికి పెద్దగా అదృష్టం అక్కర్లేదు, పగలంతా లోపల ఆకులు మేసి చీకటి పడేసరికి నిద్రకి ఏటి ఒడ్డు చెట్ల మీదకే వస్తాయి కాబట్టి. బోటతను ఇంజన్ ఆపేశాడు. మా నెత్తిమీద కొమ్మలో ఒక మగకోతి, ముక్కు లేత వంకాయలా నోటి మీదకి వేలాడుతోంది, పొట్టేమో నిండు చూలాలిలా. ఆ పొట్టలో ఆకులు పులియడానికి అరలుంటాయట, తీపి పండ్లు ఎక్కువైతే గ్యాస్ పట్టి ప్రాణం మీదకొస్తుందని గైడ్ చెప్పాడు. ఇంతలో ఆ ఇరవై కిలోల శాల్తీ అవతలి చెట్టుకి దూకితే కొమ్మ ఫెళ్లుమంది! మా ఊళ్లో కోతుల్ని తరమడానికి తెచ్చే కొండముచ్చు కూడా ఆకులు మేసే బాపతే గానీ, దానికి ఈ దర్జా ఎక్కడిది. మలయ్‌లో దీన్ని మోన్యెట్ బెలండా, అంటే డచ్చి కోతి అంటారు, దొరల ముక్కూ పొట్టా చూసి పెట్టిన పేరు.

ఇంత సులువుగా ఎలా కనిపిస్తున్నాయని అడిగితే, తోటలు పోగా చాలాచోట్ల ఏటి వెంట సన్నటి పట్టీలా మిగిలిందే అడవి, ఇంకెక్కడికి పోతాయి అన్నాడు గైడ్. ఆ తర్వాత కాసేపు ఫోన్ పైకెత్తబుద్ధి కాలేదు.

ఇక లాడ్జి సంగతి. వెజ్ అని ముందే రాసిచ్చాం, అయినా తూటికూర వేపుడులో బెలచాన్, అంటే రొయ్యల ముద్ద, వేసి పెట్టారు, అడిగితే చేప వెయ్యలేదు కదా అన్నారు. మర్నాడు పొద్దుటి బోటు వానకి రద్దయింది, పైసా వెనక్కి రాలేదు.

రెండు రాత్రుల ప్యాకేజీ వద్దు, ఒక రాత్రి, ఒక సాయంత్రం బోటు చాలు. ముందు సీటు అడిగి తీసుకోండి, ఆవకాయ సీసా మర్చిపోకండి.