బ్రేకులు బాగున్నాయి, బిల్లే బాగోలేదు

విజయనగరం రింగు రోడ్డు వైపున్న ఒక కార్ల షెడ్డు గురించి ఇది. బ్రేకు తొక్కితే కీచుమంటోందని కారు ఇస్తే, ముందు చక్రాల బ్రేకు ప్యాడ్లు మారిస్తే చాలన్న మెకానిక్, సాయంత్రానికి డిస్కులు (ప్యాడ్లు నొక్కి పట్టే ఇనుప పళ్లేలు) కూడా మార్చేశాం సార్ అంటూ బిల్లు చేతిలో పెట్టాడు, మధ్యలో ఒక్క ఫోన్ లేదు! పాతవి చూపించమంటే కాసేపు వెతికి ప్యాడ్లు తెచ్చాడు. రేకు కనిపించేంతగా అరిగిపోయాయి, అవి మార్చాల్సినవే. డిస్కులు మాత్రం "తుక్కులోకి పోయాయండి" అన్నాడు. ఎంతవరకు అరగొచ్చో మామూలుగా డిస్కు మీదే రాసుంటుంది, కొలిచి చూపిస్తే నేనే మార్చమనేవాణ్ణి కదా! వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి చేస్తాననేసరికి లేబర్ చార్జీ తగ్గించాడు. పని శుభ్రంగానే చేశారు, చప్పుడు పోయింది. వెళ్లేవాళ్లు కారు ఇచ్చేటప్పుడు షెడ్డులో పనులు రాసుకునే జాబ్ కార్డు మీద రేటు రాయించుకుని, పాత సామాను డిక్కీలో వెయ్యమని ముందే చెప్పండి. రెండు స్టార్లు, అవీ పనికే.