టెక్నీషియనే తెరిచిన పియానో షోరూమ్: ఐదే ఉన్నాయి, కానీ లోపల చూసి కొనొచ్చు

సికింద్రాబాద్‌లో ఒక పియానో టెక్నీషియన్ సొంతంగా తెరిచిన ఈ షోరూమ్ ఒకటే గది. ఐదు అప్‌రైట్‌లు (తీగలు నిలువుగా ఉండే పియానోలు), వెనక వర్క్‌షాప్, అంతే. తీగలు అడ్డంగా ఉండే గ్రాండ్ లేదు, డిజిటల్ జోలికే పోలేదు. రకరకాలు వాయించి చూసుకోవాలంటే పెద్ద షాపులే నయం. జపాన్ నుంచి వచ్చే సెకండ్‌హ్యాండ్ యమహా, కవాయిల్లో ఒకటి కొనే ఆలోచన ఉంటే మాత్రం ముందు ఇక్కడ చూడండి.

అడగ్గానే ముందు పలక ఊడదీసి యాక్షన్, అంటే మీట నొక్కితే తీగని కొట్టే లోపలి యంత్రాంగం, చూపిస్తారు. ఒక్కో పియానోకి ఒక కాగితం తగిలించి ఉంటుంది: సీరియల్ నంబరు, దాన్నిబట్టి తయారైన ఏడాది, మార్చిన భాగాలు, మార్చకుండా వదిలేసినవి. ఆ చివరిది రాసిచ్చే అమ్మకందారు అరుదు.

అక్కడున్న యమహా యూ1 సంగతే చూడండి. పాత యమహా అప్‌రైట్‌లలో హ్యామర్‌ని (తీగని కొట్టే, ఉన్ని ఫెల్ట్ తొడిగిన సుత్తిని) వెనక్కి తోసే సన్నటి స్ప్రింగు ఒక దారపు ఉచ్చుకి తగులుకుని ఉంటుంది. ఏళ్లు గడిచేకొద్దీ ఆ దారం చివికి తెగుతుంది. స్ప్రింగు జారిపోతుంది, హ్యామర్ బద్ధకంగా వెనక్కొస్తుంది, ఒకే మీటని వేగంగా కొడితే మధ్యలో స్వరాలు ఎగిరిపోతాయి. తెగినవే మార్చి అమ్మేస్తే మిగతావి తర్వాత ఒకటొకటిగా తెగుతూనే ఉంటాయి. ఇక్కడ మొత్తం 88 మీటల దారాలూ మార్చారు. హ్యామర్ ఫెల్ట్ మీద తీగలు చేసిన గాట్లు సానపట్టారు. మీట దిగే లోతు 10 మిల్లీమీటర్లు, హ్యామర్‌కీ తీగకీ మధ్య 46. తీగ ఇంకా 2–3 మిల్లీమీటర్ల దూరంలో ఉండగా హ్యామర్ మీట తోపు నుంచి విడిపోతోంది. అంతకంటే ముందే విడిపోతే మెల్లగా వాయించినప్పుడు స్వరం పలకదు. మరీ ఆలస్యమైతే హ్యామర్ తీగని నొక్కిపట్టి నాదాన్ని చంపేస్తుంది.

కవాయి ఒకదానికి బాస్‌లో (మంద్ర స్వరాల వైపు) తీగలు చుట్టి బిగించే శ్రుతి పిన్నులు కొన్ని వదులయ్యాయని కాగితంలోనే ఉంది. వాటికి ఒక సైజు లావు పిన్నులు వేశారు. మన ఎండాకాలంలో గాలి తేమ 30 శాతం కిందికి పడిపోతే పిన్నులు పట్టుకునే చెక్క కుంచించుకుపోతుంది. వానాకాలంలో ఉబ్బు. మీటలు బిగుసుకుంటే నూనె పొయ్యొద్దని ఆయన పదేపదే చెబుతారు, నిజమే. నూనె ఫెల్ట్‌లో ఇంకితే తర్వాత ఆ జాయింట్లన్నీ విప్పి పని చేయాలి. గదిలో తేమ 45–55 శాతం దగ్గర నిలపడమే మందు.

నచ్చనివీ ఉన్నాయి. గది చిన్నది, గోడలు బోసి, అందుకే బాస్ ఉన్నదానికంటే గంభీరంగా వినిపిస్తుంది. పైగా పొద్దున్నే శ్రుతి చేసిన పియానో ఏదైనా బాగానే మోగుతుంది; నెల కిందట శ్రుతి చేసి వదిలేసింది ఏదో అడిగి, దాన్ని వాయించండి. ధరలో ఇంటి దగ్గర ఒక్క శ్రుతే కలిపారు. సుమారు 230 తీగలు, మొత్తం 18 టన్నుల దాకా బిగువు. చోటు మారాక ఒక్కసారితో నిలవదు. ఇల్లు చేరాక రెండు మూడు వారాలు ఆగి మొదటిది, సీజన్ మారాక రెండోది. బేరమాడితే ధర తగ్గించమనే బదులు ఆ రెండోది అడగండి. రవాణా కింది అంతస్తు వరకే. యూ1 రెండు వందల కిలోలు దాటుతుంది, మెట్ల కూలీ ముందే మాట్లాడుకోవాలి.

ఆయన ఉదయం పూట ఇళ్లకి శ్రుతి చేయడానికి వెళ్తారు. ఫోన్ చేసి వెళ్లండి, లేకపోతే తాళమే కనిపిస్తుంది.