కమ్మనహళ్లి పార్లర్‌లో సిల్క్ ప్రెస్: ఇస్త్రీ కన్నా తలంటుకే ఎక్కువ మార్కులు

బెంగళూరు కమ్మనహళ్లి మెయిన్ రోడ్డు నుంచి లోపలికి తిరిగాక, ఓ మెడికల్ షాపు పైన మొదటి అంతస్తులో ఉంది ఈ పార్లర్. నడిపే ఆవిడది మదనపల్లె. కొత్తనూరు, హెణ్ణూరు వైపు చదువుకునే ఆఫ్రికా అమ్మాయిల కోసం సిల్క్ ప్రెస్, అంటే బిగుతు రింగుల జుట్టును వేడితో కొన్నాళ్లపాటు పట్టులా సాఫీగా చేయడం, మొదలుపెట్టారు. మనలోనూ బాగా బిగుతు రింగులున్నవాళ్లు ఈమధ్య దీని గురించి వాకబు చేస్తున్నారు. ముందే చెప్పేస్తే, సిల్క్ ప్రెస్ వరకూ నిశ్చింతగా వెళ్లొచ్చు. బిల్లు కట్టేటప్పుడు అంటగట్టే 'కెరాటిన్' ట్రీట్‌మెంట్ మాత్రం వద్దు.

దీన్ని రీబాండింగ్‌తో కలిపేయకండి. ఇందులో మందేమీ ఉండదు. వేడికి వెంట్రుకలోని హైడ్రోజన్ బంధాలు వదులై, చల్లారేటప్పుడు కొత్త ఆకారంలో బిగుస్తాయి. నీళ్లు తగిలితే మళ్లీ వదిలేస్తాయి, రింగులు తిరిగొస్తాయి. రీబాండింగ్ క్రీములు, రిలాక్సర్లు పట్టేది డైసల్ఫైడ్ బంధాలను. అక్కడ వెనక్కి రావడం ఉండదు, కొత్త జుట్టు మొలిచేదాకా ఆగాల్సిందే. అయితే వేడి మోతాదు మించితే సిల్క్ ప్రెస్‌కీ అదే గతి. వెంట్రుకలో ఉండే కెరాటిన్ అనే ప్రోటీనే దెబ్బతిని, తలంటుకున్నాక కూడా కొన్ని పాయలు రింగు తిరగకుండా వేలాడతాయి. ఆ పాయల్ని ఏ మాస్కూ బాగుచేయదు, కత్తిరించడమే.

అందుకే ఇక్కడ కుర్చీలో కూర్చోగానే ముందు చేసేది నీళ్ల పరీక్ష. నడినెత్తిన ఒక పాయ, మెడ దగ్గర ఒక పాయ తడిపి చూస్తారు. రెండూ గిరుక్కున ముడుచుకుంటే సరే. నడినెత్తి పాయ సాగినట్టు ఉండిపోతే, జుట్టు ఇదివరకే వేడికి దెబ్బతిన్నట్టు లెక్క. ఒక టాంజానియా అమ్మాయికి ఈ పరీక్షలోనే తేడా కనిపించింది. "ఈసారికి వద్దులేమ్మా, కండిషనింగ్ చేయించుకొని పో" అని డబ్బులొచ్చే పని వదులుకున్నారావిడ. స్ట్రెయిటెనింగ్ అడిగితే చాలు వెంటనే ప్లగ్గు పెట్టేసే ఊళ్లో ఇది చిన్న విషయం కాదు.

ఆఫ్రికా మూలాల జుట్టును అడ్డంగా కోసి చూస్తే చదునైన కోలగా ఉంటుంది, దానికితోడు అడుగడుగునా మెలిక. మాడు దగ్గర పుట్టే సహజమైన జిడ్డు ఆ మెలికలు దాటి కొసల దాకా జారదు. పైన జిడ్డు, కింద ఎండు. విరగడం కూడా మెలిక తిరిగిన చోటే మొదలవుతుంది. కాబట్టి పొడి జుట్టు మీద దువ్వెన పెట్టరు. తలను ఎనిమిది పాయలు చేసి, నీళ్లు చిలకరించి, కండిషనర్ దట్టంగా పట్టించి, ముందు వేళ్లతో, తర్వాత వెడల్పు పళ్ల దువ్వెనతో కొసల నుంచి కుదుళ్ల వైపు చిక్కు తీస్తారు. పాయకు నాలుగైదు నిమిషాలు. ఇక్కడ తొందరపడితే గుప్పెడు జుట్టు చేతికొస్తుంది.

తర్వాత రెండు షాంపూలు. మొదటిది క్లారిఫైయింగ్, అంటే షియా బటర్, జెల్, పాత సిలికాన్ అంతా వదలగొట్టేది. ఇవి మిగిలిపోతే వేడి ప్లేటు కింద మాడి అతుక్కుంటాయి. హెణ్ణూరు అవతల చాలా ఇళ్లలో బోరు నీళ్లు, ట్యాంకరు నీళ్లే కదా, ఆ కాల్షియం వెంట్రుక మీద పేరుకుని గరుకుగా చేస్తుంది. అలాంటివాళ్లకు ఆ కాల్షియాన్ని పట్టి వదలగొట్టే ఈడీటీఏ ఉన్న షాంపూ వాడతారు. అది అడిగి మరీ వాడించుకోండి. రెండోది తేమనిచ్చే షాంపూ. ఆపైన డీప్ కండిషనర్ పెట్టి, ప్లాస్టిక్ క్యాప్ తొడిగి, స్టీమర్ కింద 20 నిమిషాలు. ప్రోటీన్ మాస్కు మాత్రం అందరికీ పట్టించరు. అతి అయితే జుట్టు పెళుసెక్కి మరింత విరుగుతుంది.

ఆరబెట్టడం మా లెక్కన అసలు పరీక్ష. తడి జుట్టుకు లీవ్-ఇన్ (కడగకుండా వదిలేసే కండిషనర్), వేడి నుంచి కాపాడే హీట్ ప్రొటెక్టెంట్ పట్టించి, డ్రయ్యర్‌కు దువ్వెన ముక్కు తగిలించి, మధ్యస్థం వేడి మీద పాయను లాగి పట్టుకుని ఆరబెడతారు. జుట్టు సాగడం చాలామటుకు ఇక్కడే అయిపోతుంది, స్ట్రెయిటెనర్‌తో చేసే ఇస్త్రీకి మిగిలేది నునుపే. కుదుళ్లు సరిగా సాగకపోతే తర్వాత స్ట్రెయిటెనర్ వేడి పెంచాలనిపిస్తుంది, చాలా పార్లర్లు తప్పటడుగు వేసేది అక్కడే. ఒక పాయ మీద ప్లేటు పెట్టగానే 'సుయ్' మని ఆవిరి లేచింది. ఆవిడ చటుక్కున తీసేసి, "లోపల ఇంకా పచ్చిగానే ఉండాది" అంటూ మళ్లీ డ్రయ్యర్ అందుకున్నారు. వెంట్రుకలో మిగిలిన నీరు ఒక్కసారిగా ఆవిరై లోపల బుడగలు కడుతుంది. ఆ బుడగ కట్టిన చోట తర్వాత ఎప్పుడో పుటుక్కున తెగుతుంది.

ఇక ఇస్త్రీ. అంగుళం వెడల్పు సెరామిక్ ప్లేట్లు, డిగ్రీలు కనిపించే మెషీను. 'లో, మీడియం, హై' అని మాత్రమే ఉన్నవాటిని నమ్మొద్దు. జుట్టు ఒత్తుగా ఉండటం వేరు, వెంట్రుక లావుగా ఉండటం వేరు. తల నిండా దట్టంగా కనిపించే 4సీ (అన్నిటికన్నా బిగుతు రింగుల రకం) జుట్టులో ఒక్కో వెంట్రుక సన్నగానే ఉండొచ్చు. ఆవిడ వెంట్రుకను వేళ్ల మధ్య నలిపి చూసి వేడి పెడతారు. సన్నం అయినా, రంగు వేసినదైనా 160–170 డిగ్రీలు, మామూలుదైతే 180–190, బాగా లావైతే 200. మెషీను 230 దాకా వెళ్తుంది, అంత పెట్టడం ఇక్కడ కనిపించలేదు. అర అంగుళం మందం పాయ, ముందు పేను దువ్వెనలాంటి సన్న పళ్ల దువ్వెన, దాని వెనకే ప్లేటు, ఎక్కడా ఆగకుండా ఒకే వేగంతో కుదురు నుంచి కొస దాకా. ఒకసారి, మహా అయితే రెండోసారి. మూడోసారి అవసరమైతే లోపం ఆరబెట్టడంలో ఉంది.

నూనె సంగతి చెప్పకపోతే మన ఇళ్లలో ఒప్పుకోరు. తలంటుకు ముందు కొబ్బరి నూనె మంచిదే, వెంట్రుక లోపలికి ఇంకి ప్రోటీన్ పోకుండా కాపాడుతుంది. ఇస్త్రీకి ముందు మాత్రం వద్దు. గానుగ కొబ్బరి నూనె 180 డిగ్రీల దగ్గర్లోనే పొగలు కక్కుతుంది. ఇక్కడ రెండు చుక్కల సిలికాన్ సీరమ్‌తో సరిపెడతారు. అందులో మెరుపూ ఉంది, వేడి నుంచి కొంత అడ్డూ ఉంది.

లోపాలూ ఉన్నాయి. ఫోనులో రెండు గంటలన్నారు, భుజాలు దాటే జుట్టుకు నాలుగు పట్టింది. శనివారం రద్దీలో ఇస్త్రీ అసిస్టెంట్ల చేతికి పోతుంది, వాళ్లు ఒకే పాయ మీద నాలుగైదుసార్లు లాగుతున్నారు. పాయకూ పాయకూ మధ్య ప్లేట్లు తుడవరు, సీరమ్ మాడి గోధుమరంగు చార కట్టింది. ఇక కెరాటిన్ ట్రీట్‌మెంట్. "ఫార్మాల్డిహైడ్ లేనిది" అంటారు. సీసా వెనక్కి తిప్పి చదవండి. మిథిలీన్ గ్లైకాల్ ఉంటే అది నీళ్లలో కలిసిన ఫార్మాల్డిహైడే. గ్లైఆక్సిలిక్ ఆమ్లం ఉంటే, అలాంటి క్రీముల తర్వాత కిడ్నీలు దెబ్బతిన్న కేసులు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. పైగా రింగులు తిరిగి రావాలనే సిల్క్ ప్రెస్ ఎంచుకున్నవాళ్లకు అది ఎందుకు?

చేయించుకున్నాక నిలబెట్టుకోవడం మీ చేతిలో ఉంది. రాత్రి జుట్టును తల చుట్టూ ఒకే వైపుకు చుట్టి శాటిన్ స్కార్ఫ్ కట్టుకోవాలి. కాటన్ తేమను పీల్చేస్తుంది. స్కార్ఫ్ వాళ్లివ్వరు, తీసుకెళ్లండి. బండి నడిపేవాళ్లకు హెల్మెట్ చెమటే శత్రువు, ముందు కుదుళ్లే ఉబ్బుతాయి. ఉబ్బిన చోట ఇంట్లో మళ్లీ ప్లేటు పెట్టొద్దు. జనవరి నుంచి మార్చి దాకా గాలి పొడిగా ఉంటుంది కనుక రెండు వారాలు నిలవొచ్చు, వానాకాలంలో రెండు రోజులకే ముడుచుకున్నా పార్లర్‌ను తిట్టుకోవద్దు. చెన్నై నుంచి వచ్చి చేయించుకుని తిరిగి వెళ్దామనుకుంటే డబ్బు దండగ. రెండు ప్రెస్‌ల మధ్య కనీసం ఆరు వారాలు ఎడం ఉంచండి.

మూడు వేల నుంచి మొదలు, ఒత్తును బట్టి పెరుగుతుంది, చిట్లిన కొసలు కత్తిరించడం అందులోనే. మంగళవారం మనవాళ్లు జుట్టు మీద కత్తెర పడనివ్వరు కాబట్టి ఆరోజు ఖాళీగా ఉంటుంది, ఆవిడే స్వయంగా చేస్తారు. ఉదయం స్లాటు అడగండి, మధ్యాహ్నం కరెంటు పోతే జనరేటర్ మీద డ్రయ్యర్ తీయదు.