ఆంకా పరీక్ష: ఏళ్ల తరబడి వాడాక నా అభిప్రాయం

ఆంకా అంటే శరీరం తన తెల్ల రక్తకణాల మీదే తయారుచేసుకునే ప్రతిదేహకాలు. చిన్న రక్తనాళాలు వాచి మూత్రపిండాలు దెబ్బతినే నా వ్యాధి, ఆంకా వాస్క్యులైటిస్, నిర్ధారణలో ఈ పరీక్ష విలువను నేను ప్రశ్నించను. నా రక్తంలో ఎంపీఓ అనే రకం ఆంకా ప్రతిదేహకాలు బయటపడకపోతే మూత్రపిండాల బయాప్సీ అంత త్వరగా జరిగేది కాదు. నా ఫిర్యాదంతా ఆ తరువాత, చికిత్సాకాలంలో, మళ్లీ మళ్లీ చేయించుకునే ఆంకా పరీక్షల వరుస మీదే.

రిటుక్సిమాబ్ (ప్రతిదేహకాలకు మూలమైన బి-కణాలను తగ్గించే మందు) తరువాత ఆంకా అంకె క్రమంగా పడిపోయి నెగటివ్‌కు చేరినప్పుడు, ఇంతకంటే నమ్మదగిన సూచిక లేదని తోటి రోగులకు చెప్పాను. కొంతకాలానికి ప్రతిదేహకాలు మళ్లీ కనిపించి, నెలల తరబడి పెరుగుతూ పోయాయి. మూత్రంలో ఎర్ర రక్తకణాలు లేవు, ప్రోటీన్ పెరగలేదు, మూత్రపిండాల పనితీరును తెలిపే క్రియాటినిన్ కదలలేదు. నాకు మాత్రం నిద్ర కరువైంది. ఆ పెరుగుదలలో కొంత, మధ్యలో ల్యాబ్ మారడం వల్ల వచ్చినదేనట. ఒక్కో కిట్ కొలత ఒక్కో తీరుగా ఉంటుంది కనుక రెండు ల్యాబుల అంకెలను పక్కపక్కన పెట్టి పోల్చకూడదన్న ముక్క నా రిపోర్టుల్లో ఎక్కడా లేదు.

వ్యాధి తిరగబెట్టింది ఆ పెరుగుదలప్పుడు కాదు, అంకె తగ్గి నిలకడగా ఉన్న కాలంలో. మామూలు మూత్రపరీక్షలో ఎర్ర రక్తకణాలు, అవి గొట్టాల ఆకారంలో పేరుకున్న కాస్టులు కనిపించాయి, క్రియాటినిన్ పెరిగింది. ఒంట్లో ఏ బాధా లేదు, మూత్రం రంగు కూడా మారలేదు. నెఫ్రాలజిస్టు ఆంకా ఫలితం కోసం ఆగకుండా బయాప్సీ చేయించగా, పాత మచ్చల పక్కనే కొత్త క్రెసెంట్లు (వ్యాధి చురుగ్గా ఉందనడానికి గుర్తయిన చంద్రవంక ఆకారాలు) బయటపడ్డాయి. చికిత్సతో వాపు అదుపులోకి వచ్చింది గాని, క్రియాటినిన్ పాత స్థాయికి పూర్తిగా దిగలేదు. మచ్చకట్టిన గ్లోమెరులస్ (మూత్రపిండంలో రక్తాన్ని వడగట్టే గుత్తి) మళ్లీ పనిలోకి రాదు. చికిత్స మార్పును ఒక్క ఆంకాను బట్టి కాక, రోగిని పద్ధతిగా పరిశీలించి నిర్ణయించాలని యూరప్ రుమటాలజీ సంఘాల కూటమి యూలార్ 2022 సిఫారసులు చెప్పడం నాకు సబబుగానే తోచింది.

అయితే ఇది ఎంపీఓ రకం రోగి మాట. ఆంకాలో మరో ప్రధాన రకమైన పీఆర్3లో వ్యాధి తిరగబెట్టడం ఎక్కువ. పైగా మూత్రపిండాలు దెబ్బతిన్న పీఆర్3 రోగుల్లో, రిటుక్సిమాబ్ తీసుకున్నవారిలో, అంకె పెరగడానికి ఎక్కువ అర్థం ఉందని ఈ వ్యాధిలో రిటుక్సిమాబ్‌ను పరీక్షించిన రేవ్ ట్రయల్ రోగుల విశ్లేషణ చూపింది. వారికి ఈ పరీక్ష నాకంటే ఎక్కువ ఉపయోగపడవచ్చు. నేనూ దాన్ని మానలేదు, ఒకే ల్యాబులో చేయించుకుంటున్నాను. అంకె పెరిగితే మా డాక్టరు మందు మార్చరు, మూత్రపరీక్షల మధ్య గడువు తగ్గిస్తారు.