లక్ష మందిలోనా, ఖాళీ బెంచీల్లోనా: మిషిగన్‌లో కాలేజీ ఫుట్‌బాల్‌కి ఏ టికెట్ మేలు?

సెప్టెంబరు దగ్గర పడుతుందంటే డెట్రాయిట్ శివార్లలోని కాంటన్, నోవై, ఫార్మింగ్టన్ హిల్స్ వైపు తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక ప్రశ్న వస్తుంది. "అమ్మానాన్న వచ్చి ఉన్నారు, పిల్లలు కూడా గొడవ చేస్తున్నారు, ఒక్కసారి మిషిగన్ యూనివర్సిటీ ఫుట్‌బాల్ గేమ్‌కి వెళ్దామనుకుంటున్నాం. ఏ గేమ్‌కి కొనమంటారు?" ఒకరు "వెళ్తే మిషిగన్ బద్ధ శత్రువు ఒహాయో స్టేట్‌తో గేమ్‌కే వెళ్లాలి, లేకపోతే ఎందుకు?" అంటారు. వెంటనే ఇంకొకరు "ఇంట్లో అంత పెద్ద టీవీ ఉండగా వందల డాలర్లు తగలేయడం దేనికి?" అంటారు. మధ్యలో ఇంకా రెండు దారులున్నాయని చెప్పేవాళ్లు తక్కువ. ఒకటి, అదే మిషిగన్ స్టేడియంలో సెప్టెంబరులో ఏదో చిన్న జట్టుతో జరిగే గేమ్. రెండోది, పక్క ఊరు ఇప్సిలాంటిలో ఈస్టర్న్ మిషిగన్ గేమ్.

నా ఓటు సెప్టెంబరు గేమ్‌కి. మిగిలినవాటికీ వేళలున్నాయి.

ముందు స్టేడియాల సంగతి. యాన్ ఆర్బర్‌లో 1927లో తెరిచిన మిషిగన్ స్టేడియంలో ఇప్పుడు 1,07,601 మందికి చోటుంది. అమెరికాలో ఇంతకంటే పెద్ద స్టేడియం లేదు. 1975 నవంబరు 8 నుంచి అక్కడ జరిగిన ప్రతి గేమ్‌కీ లక్ష మందికి పైగానే వచ్చారని లెక్క చెబుతారు. కోవిడ్ వల్ల జనాన్ని రానివ్వని 2020 సీజన్‌ని అందులో కలపరు. 2013లో నోటర్ డేమ్‌తో జరిగిన రాత్రి గేమ్‌కి 1,15,109 మంది వచ్చారు. అక్కడి నుంచి కారులో కాస్త తూర్పుకి వెళ్తే ఇప్సిలాంటిలో రైనియర్సన్ స్టేడియం. చోటు మిషిగన్ స్టేడియంలో మూడో వంతు కంటే తక్కువ, మైదానం బూడిద రంగు. అక్కడ నచ్చిన బెంచీ మీద కాళ్లు చాపుకుని కూర్చోవచ్చు.

ఈ రెండు యూనివర్సిటీల ప్రేక్షకుల లెక్కల వెనక కూల్‌డ్రింకుల కథలు రెండున్నాయి. టికెట్ ధరల గురించి ఎంత ఉపన్యాసం విన్నా ఇంత బాగా అర్థం కాదు.

మొదటిది మిషిగన్‌ది. 2014 సీజన్లో జట్టు దెబ్బతింది, ఆ ఏడాది మొత్తం మీద 5 గెలిచి 7 ఓడింది. అంతకుముందే విద్యార్థుల సీజన్ టికెట్ ధర 280 డాలర్లకు చేరింది. పైగా 2013లో సీట్ల పద్ధతి మార్చి, ముందొచ్చినవాడికే మంచి చోటు అన్నారు. పిల్లలకి ఒళ్లు మండింది. ఒక్క ఏడాదిలో విద్యార్థులు కొన్న టికెట్లు దాదాపు మూడో వంతు తగ్గిపోయాయి. ఆ సెప్టెంబరులో మినెసోటాతో గేమ్‌కి రెండు కోక్ బాటిళ్లు కొంటే రెండు టికెట్లు ఊరికే ఇస్తామని ఒక ఆఫర్ వచ్చింది. వందేళ్ల పేరున్న జట్టు టికెట్ కోక్ బాటిల్‌తో పాటు వస్తోందని దేశమంతా నవ్వింది. అప్పటి అథ్లెటిక్ డైరెక్టర్, అంటే యూనివర్సిటీ క్రీడల అధిపతి, డేవ్ బ్రాండన్ అంతకుముందు డోమినోస్ పిజ్జా కంపెనీని నడిపిన మనిషి. అక్టోబరు 31న ఆయన రాజీనామా చేశారు. ఆయన తర్వాత తాత్కాలికంగా వచ్చిన జిమ్ హాకెట్ 2015కి విద్యార్థుల ధరను 175 డాలర్లకి దించారు. ఆ ఏడాదే మిషిగన్ మాజీ ఆటగాడు జిమ్ హార్‌బా కోచ్‌గా దిగాడు, విద్యార్థులు తిరిగొచ్చారు. ధర తగ్గినందుకు వచ్చారా, హార్‌బా కోసం వచ్చారా? విడదీసి చెప్పడం కష్టం. నా మటుకు నేను రెండిటికీ చెరిసగం ఇస్తాను.

రెండోది ఈస్టర్న్ మిషిగన్‌ది. పై స్థాయి ఫుట్‌బాల్‌లో కొనసాగాలంటే సగటున గేమ్‌కి 15,000 మంది హాజరు చూపించాలని చాలా ఏళ్లు నియమం ఉండేది. ఇక్కడ అంత జనం ఎక్కడ? అందుకని పెప్సీ కాంట్రాక్టులో వచ్చిన లక్షన్నర డాలర్లతో యూనివర్సిటీ తన టికెట్లు తనే మూడేసి డాలర్లకి కొనుక్కుని లెక్క చూపించింది. బెంచీలు ఖాళీ, కాగితం నిండుగా!

ఒకరిది కోక్, ఇంకొకరిది పెప్సీ, అవసరం మాత్రం ఒక్కటే. ప్రకటించే హాజరు అంటే చాలాచోట్ల అమ్మిన టికెట్లూ పంచిన టికెట్లూ కలిపిన సంఖ్య. గేటు దగ్గర స్కాన్ చేసిన టికెట్లు 2017లో ప్రకటించిన హాజరులో సుమారు 71 శాతమేనని వాల్ స్ట్రీట్ జర్నల్ బయటపెట్టింది. ప్రకటించే లెక్క కూడా నిలకడగా ఏమీ లేదు. 2008లో దేశం మొత్తం మీద పై స్థాయి గేముల సగటు దాదాపు 47 వేలు ఉండేది, 2018కి 42 వేల లోపుకి జారింది. వచ్చినవాళ్లు కూడా చివరిదాకా ఉండరు. అలబామా లాంటి గెలుపు గుర్రమే 2019లో విద్యార్థుల కోసం ఒక యాప్ పెట్టింది. ఫోన్ ఎక్కడుందో చూసి, చివరిదైన నాలుగో క్వార్టర్ దాకా స్టేడియంలో ఉంటే పాయింట్లు ఇచ్చేది. గెలుస్తున్న జట్టుకే ఈ తిప్పలు.

మనకి దీనివల్ల లాభం ఒకటుంది. బోర్డు మీద లక్ష అని వెలిగినా, చిన్న గేమ్‌కి టికెట్ చేతిలో ఉండి వెళ్లలేని సీజన్ టికెట్‌దారులు వేలల్లో ఉంటారు. ఆ టికెట్లే స్టబ్‌హబ్, సీట్‌గీక్ లాంటి, టికెట్లు తిరిగి అమ్ముకునే సైట్లకి వస్తాయి. వాళ్లు ఆ టికెట్లు ఒక్కోటి కొనలేదు, మొత్తం సీజన్‌కి కొన్నారు. మంచి సీట్ల కోసం టికెట్ ధర కాక యూనివర్సిటీకి విరాళం కూడా కట్టారు. పూర్వం ఆ విరాళంలో 80 శాతానికి పన్ను మినహాయింపు ఉండేది, 2017 పన్ను చట్టంతో అదీ పోయింది. అంత పెట్టినవాడు ఒహాయో స్టేట్ టికెట్ మీద రాబట్టుకోవాలని చూస్తాడు, చిన్న జట్టు టికెట్‌ని వచ్చిన ధరకి వదిలేస్తాడు. సంక్రాంతికి హైదరాబాద్ నుంచి ఊరెళ్లే ప్రైవేటు బస్సు టికెట్ లాంటిదే ఇదీ: అదే బస్సు, అదే సీటు, తేదీని బట్టి ధర. స్వయంగా మిషిగనే విడి టికెట్లకి గిరాకీని బట్టి మారే ధర 2013లో మొదలుపెట్టింది.

ఇప్పుడు ఒహాయో స్టేట్ గేమ్ తీసుకుందాం. నవంబరు చివరి శనివారం, బేసి సంవత్సరాల్లో యాన్ ఆర్బర్‌లో, సరి సంవత్సరాల్లో కొలంబస్‌లో. ఒక్కో టికెట్ వందల డాలర్లు, నలుగురున్న ఇల్లయితే ఇండియా టికెట్ గుర్తొస్తుంది. చలి సున్నా సెల్సియస్ చుట్టూ ఉంటుంది. కూర్చునేది ఎక్కువగా వీపు ఆనించడానికి లేని అల్యూమినియం బెంచీ మీద. అసలు కూర్చోవడమే అరుదు, ముందువాళ్లు లేస్తే మనమూ లేవాలి. ఆట తెలిసి, ఆ పగ తెలిసి, ప్రతి డౌన్‌కీ (బంతిని ముందుకు తీసుకెళ్లే ఒక్కో ప్రయత్నానికీ) గుండె దడదడలాడే మనిషికి ఇది డబ్బుకి తగ్గ అనుభవమే. మొదటిసారి వెళ్లేవాళ్లకి, అరవై దాటిన అమ్మానాన్నలకి మాత్రం వద్దంటాను. వాళ్లకి ఏం జరుగుతోందో తెలియదు, చెబుదామంటే అరుపుల్లో వినపడదు.

సెప్టెంబరు గేమ్‌లో స్టేడియం అదే, రెండు వందలకు పైగా వాయిద్యకారులున్న బ్యాండూ అదే, జట్టు పరుగెత్తుకుంటూ వచ్చి ఎగిరి తాకే బ్యానరూ అదే. టికెట్ ఒహాయో స్టేట్ ధరలో చిన్న వంతుకే వస్తుంది, ఎండ హాయిగా ఉంటుంది. తగ్గేది ఉత్కంఠ ఒక్కటే. 2025 సెప్టెంబరులో సెంట్రల్ మిషిగన్ వస్తే 63-3తో పంపించారు. సగం ఆటకే ఫలితం తేలిపోతే టికెట్ దండగ కదా అని ఫుట్‌బాల్ తెలిసిన మిత్రులు అంటారు. మొదటిసారి వెళ్లేవాళ్లకి అదే మంచిదని నేనంటాను. టచ్‌డౌన్లు ఎక్కువ, బ్యాండు జట్టు పాట వాయించేదీ ఎక్కువ సార్లు, మూడో క్వార్టర్‌లో లేచి వెళ్లిపోతే పోయేదేమీ లేదు, ట్రాఫిక్ తప్పుతుంది. పైగా ఈ చిన్న జట్లు ఊరికే రావు, ఓడిపోవడానికి డబ్బు తీసుకుని వస్తాయి. ఎప్పుడైనా తిరగబడతాయి కూడా. 2007లో నాలుగు లక్షల డాలర్లు తీసుకుని వచ్చిన అపలాచియన్ స్టేట్ ఇదే స్టేడియంలో 34-32తో మిషిగన్‌ని ఓడించింది. ఆ రోజు చౌక టికెట్ కొన్నవాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఈస్టర్న్ మిషిగన్ సంగతి వేరు. అయిదారేళ్ల పిల్లలున్న ఇంటికి ఇదే సుఖం. టికెట్ చవక, స్టేడియం దగ్గరే పార్కింగ్, ఆటగాళ్లు ఎదురుగా కనపడతారు, పిల్లాడు బాత్రూమ్ అన్నప్పుడు ముప్ఫై మంది మోకాళ్లు దాటనక్కర్లేదు. ఆట కూడా చాలాసార్లు మిషిగన్ సెప్టెంబరు గేమ్ కంటే గట్టిగా సాగుతుంది, రెండు జట్లూ సమానం కాబట్టి. కానీ స్టేడియం అనుభవం కోసం వెళ్తే నిరాశ తప్పదు. పది మంది చప్పట్లు విడివిడిగా వినిపిస్తాయి. నవంబరులో మరీ దారుణం. ఈస్టర్న్ మిషిగన్ ఆడే లీగు మిడ్ అమెరికన్ కాన్ఫరెన్స్. దాని జట్లు అప్పుడు ఎక్కువగా మంగళ, బుధవారాల రాత్రుళ్లు ఆడతాయి. ఆ రోజుల్లో పెద్ద జట్ల గేములు ఉండవు కాబట్టి టీవీలో చోటు దొరుకుతుంది. టీవీ డబ్బు కోసం స్టేడియాన్ని ఖాళీ చేసుకోవడం అన్నమాట. మర్నాడు ఆఫీసు పెట్టుకుని ఆ చలిలో ఎవరొస్తారు?

టీవీని చిన్నచూపు చూడను. మిషిగన్ ఆడే లీగు బిగ్ టెన్ కాన్ఫరెన్స్ 2022లో ఫాక్స్, సీబీఎస్, ఎన్‌బీసీలతో కుదుర్చుకున్న ఏడేళ్ల ఒప్పందం విలువ 700 కోట్ల డాలర్ల పైమాట. ఆ డబ్బిచ్చినవాళ్ల కోసమే ఆట నడుస్తుంది. గేమ్ ఎన్నింటికో కూడా వాళ్లే చెబుతారు, చాలాసార్లు రెండు వారాల ముందు దాకా తేలదు. స్టేడియంలో ఉన్నవాళ్లకి ఇది బాగా తెలుస్తుంది. టీవీలో ప్రకటనలు వస్తున్నంతసేపూ టీవీ వాళ్ల మనిషి ఒకాయన మైదానం అంచున నిలబడి ఉంటాడు, ఆటగాళ్లు చేతులు రుద్దుకుంటూ ఉంటారు, లక్ష మంది ఊరికే చూస్తూ ఉంటారు. మొత్తం మూడున్నర గంటలు. ఇంట్లో అయితే ఆ సమయానికి మిరపకాయ బజ్జీలు వేసుకోవచ్చు. ఒహాయో స్టేట్ గేమ్‌కి నేను ఎంచుకునేది ఇదే, నలుగురు కలిసి ఒక ఇంట్లో.

ధరలు తగ్గేదాకా ఆగుదామా అంటే, ఆ ఆశ పెట్టుకోవద్దు. 2025 జూన్‌లో కోర్టు ఆమోదించిన ఒప్పందంతో ఒక్కో పెద్ద యూనివర్సిటీ మొదటి ఏడాదికి 2.05 కోట్ల డాలర్ల దాకా ఆటగాళ్లకి నేరుగా పంచే వీలు వచ్చింది. ఆటగాళ్లకి రావలసిన డబ్బే అది, నాకు అభ్యంతరం లేదు. బిల్లు మాత్రం మన వైపూ వస్తోంది. టెనెసీ యూనివర్సిటీ ముందే, 2025 సీజన్ టికెట్ల మీద పది శాతం 'టాలెంట్ ఫీజు' వేసింది. గెలవకపోయినా గిరాకీ ఉంటే ధర దిగదు. ఒకప్పటి స్టార్ ఆటగాడు డియాన్ సాండర్స్ కోచ్‌గా వచ్చిన 2023లో కొలరాడో 4 గెలిచి 8 ఓడింది, అయినా సొంత గడ్డ మీద ప్రతి గేమ్‌కీ టికెట్లు అయిపోయాయి.

కొనేటప్పుడు కొన్ని జాగ్రత్తలు. 2025 మే నుంచి కేంద్ర నిబంధన ప్రకారం ఫీజులన్నీ కలిపిన ధరే ముందు చూపించాలి కాబట్టి చివర్లో గుండె ఆగే బాధ తప్పింది. సెప్టెంబరు గేమ్‌కి ఆ వారం దాకా ఆగండి, సాధారణంగా ధర దిగుతుంది, వాన పడేలా ఉంటే ఇంకా దిగుతుంది. పెద్దవాళ్లు వెంట ఉంటే పై వరసలు తీసుకోండి. మిషిగన్ స్టేడియం గిన్నెలా భూమిలోకి దిగి ఉంటుంది, లోపలికి అడుగుపెట్టేది పై వరసలకి దగ్గరగానే. కింది వరస ఖరీదైనదని కొంటే తిరిగొచ్చేటప్పుడు డెబ్బై వరసల మెట్లు ఎక్కాలి, మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి అది శిక్ష. చంటిపిల్లలకి టికెట్ కావాలా, బ్యాగు ఎంతవరకు ఒప్పుకుంటారు అన్నవి వెళ్లేముందు చూసుకోండి. పులిహోర డబ్బా లోపలికి రానివ్వరు. దాన్ని ఎదురుగా పయనీర్ హైస్కూల్ పార్కింగ్‌లోనే తినేసి వెళ్లాలి, అక్కడ అందరూ గ్రిల్లులు పెట్టుకుని అదే పనిలో ఉంటారు.

ఎం.ఎస్.కి వచ్చిన పిల్లల లెక్క వేరు. సెంట్రల్ మిషిగన్ లాంటి కాలేజీల్లో విద్యార్థి ఐడీతో గేమ్ ఉచితం అంటే, అది నిజానికి ఉచితం కాదు. చిన్న కాలేజీల్లో క్రీడల ఖర్చులో పెద్ద భాగం యూనివర్సిటీ నిధుల నుంచి, అంటే ఫీజుల నుంచి పోతుంది. 2016లో ఈస్టర్న్ మిషిగన్‌లో అధ్యాపకులు, విద్యార్థులు కలిసి ఈ ఖర్చు దండగని, ఫుట్‌బాల్‌ని ఆ స్థాయి నుంచి తప్పించమని నివేదిక ఇస్తే యాజమాన్యం కాదంది. కాబట్టి మీ డబ్బు ఎలాగూ కట్టేశారు, వెళ్లకపోతే మిగిలేదేమీ లేదు. అదే యాన్ ఆర్బర్‌లో చదువుతుంటే మొదటి ఏడాదే విద్యార్థి సీజన్ టికెట్ కొనేయండి. ఇంటర్న్‌షిప్ వేట, అసైన్‌మెంట్ల టెన్షన్ రెండో ఏడాది ఇంకా ఎక్కువవుతాయి, ఉద్యోగం వచ్చాక అలాంటి సీటే ఇంకా ఎక్కువ పెట్టి కొనాల్సి వస్తుంది.